వదిన అడిగిన స్వాహిలీ

మా వదిన వచ్చే నెల ఓడెక్కి ఆఫ్రికాలోని మొంబాసా వెళ్తోంది. అన్నయ్యకు అక్కడి రైల్వేలో ఉద్యోగం. బెజవాడ వన్ టౌన్ దాటి ఒంటరిగా వెళ్ళి ఎరగని మనిషి, అక్కడి భాష నాలుగు ముక్కలైనా రావాలని పట్టుబట్టింది. యుద్ధంలో ఆ దేశాలు తిరిగొచ్చిన పక్కింటి సిపాయి బాబాయిగారు ఇవాళ సాయంత్రం మా అరుగు మీద పాఠం మొదలుపెట్టారు.

"లేతే మాజి అంటే నీళ్ళు తే. నెండా అంటే పో. హరాకా అంటే త్వరగా."

వదిన ఒక్కటీ తిరిగి పలకలేదు.

"అన్నీ తే, పో అనేనా బాబాయిగారూ? రండి, కూర్చోండి అనేవి లేవా?"

"పనివాళ్ళతో 'అండీ' ఎందుకమ్మా?"

"వాళ్ళు మనూరొస్తున్నారా, నేను వాళ్ళూరెళ్తున్నానా?"

ఆయన మీసం సవరించుకున్నారు.

"పెద్దవాళ్ళు ఎదురైతే షికమో అంటారమ్మా. మీ పాదాలు పట్టుకుంటున్నానని. వినడమేగానీ, నేనెప్పుడూ అన్లేదు."

వదిన లేచి, కొంగు సర్దుకుని, ముందు ఆయనకే చేతులు జోడించింది. "షికమో, బాబాయిగారూ."

ఆయన కూడా లేచి చేతులు జోడించారు. నాకు ముచ్చటేసింది, కాస్త సిగ్గూ వేసింది. బట్టల బేరానికి మద్రాసు వెళ్ళినప్పుడు నేను నేర్చుకున్న మొట్టమొదటి అరవం మాటకు అర్థం 'తగ్గించు'. మీదేమిటండీ?