ఏ క్లాసు బిడ్డా?

బస్సుల పక్కసీట్ల పిల్లలు కనబడితే మనకు ఒకటే ప్రశ్న వస్తది. నేను లెక్కల సారును గూడ కాబట్టి అదే అడిగిన: "ఏ క్లాసు బిడ్డా?"

తొమ్మిదేండ్ల పిల్ల వాళ్లమ్మ మొఖం చూసింది.

"బడికి పంపుతలేం సార్," అన్నదామె. "ఇంటాయన ఆఫ్రికాల బోర్లు ఏస్తడు. మూడు నెలలకో ఊరు. మేం బోరుబండి ఎంబడి తిరుగుతం. చూసుకుంట, అడుక్కుంట అదే నేర్చుకుంటది."

నా దగ్గర రెండో ప్రశ్న లేదు. పిల్ల దగ్గర ఉంది. "మీ ఊర్ల నీళ్లు ఎన్ని ఫీట్లకు పడ్తయి సార్?"

పుట్టి పెరిగిన ఊరే. తెల్వదన్న. పిల్ల నాకు సున్నా వేసింది గానీ మర్యాదకు పైకి అనలేదు.

నకిరేకల్ వస్తుంటే తల్లి పిల్లకు మెల్లగ చెప్పింది. "తాత అడిగితె నాలుగో క్లాసను. హెడ్మాస్టరు చేసి రిటైరైండు, తట్టుకోలేడు."

"అబద్ధమా అమ్మా?"

"ఒక్కసారికే."

బస్టాండుల పెద్దాయన ఎండకు గొడుగు పట్టుకొని నిలబడ్డడు. మనవరాలు దిగీ దిగకముందే అడిగిండు: "ఏ క్లాసు బిడ్డా?"

పిల్ల మళ్లా అమ్మ మొఖం చూసింది. ఆమె బిడ్డ భుజం మీద చెయ్యి వేసింది.

"బడికి పంపుతలేం బాపూ. ఇన్ని రోజులు నేనే నీకు చెప్పలే."

బస్సు కదిలింది. గొడుగు అడ్డమొచ్చి ఆయన మొఖం నాకు కనబడలేదు. గొడుగు మాత్రం పిల్ల నెత్తి మీదికి జరిగింది.

మా ఊర్ల నీళ్లు ఏడొందల ఫీట్లకు పడ్తయట. ఆ వారమే కనుక్కున్న. ఇప్పటిదాక ఇంకెవరూ అడగలేదు.