కొమ్మల్లేని నిద్రగన్నేరు

మా వీధి చివర నిద్రగన్నేరు కింద కుర్చీ వేసుకోవడం నా భార్య పోయాక మొదలైంది. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు. అక్కడైతే చేపలమ్మే ఆవిడ గోదావరి గట్టు నుంచి వచ్చి, బుట్ట దించి కాసేపు కూర్చునేది. బేరం లేనప్పుడు నాతో కబుర్లు చెప్పేది. రోజు మొత్తానికి నా చెవిన పడే మాటలవే.

ఆ చెట్టును మునిసిపాలిటీ వాళ్లు నాటుతుంటే చూసినవాణ్ణి. మేకలు తినకుండా చుట్టూ కట్టిన వెదురు తడిక కూడా నాకింకా గుర్తే. ఎదురుగా కొత్తగా బట్టల కొట్టు పెట్టినాయన, తన బోర్డు కనబడటం లేదని దాన్ని నరికించబోతే ఒళ్లు మండిపోయింది.

చేపలావిడ అప్పుడే చెప్పింది. "పసుపు రాసి బొట్టెట్టేయండి బాబుగారూ. పక్కవీధి ఆడోళ్లు వేపచెట్టుకి అలాగే చేశారు. అమ్మోరంటే ఒక్కడూ గొడ్డలెత్తడు."

"చట్టం ఉండగా అమ్మోరెందుకు?" అన్నాను.

నేను ఐదో తరగతితో బడి మానేసి మండపేట రైసుమిల్లులో పనికి కుదిరినవాణ్ణి. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. చెట్ల చట్టాన్నీ అలాగే, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అనుమతి లేనిదే చెట్టు నరకకూడదు. అర్జీ పెట్టాను. నరకడానికి వీల్లేదని ఆఫీసువాళ్లు కొట్టాయనకు చెప్పారు. గెలిచాననుకున్నాను.

ఆయన కొమ్మలు నరికించడానికి అనుమతి తెచ్చుకున్నాడు. కరెంటు తీగలకు అడ్డమట! నేను కంటి ఆస్పత్రికి వెళ్లి వచ్చేసరికి ఒక్క రెమ్మ లేదు. మొద్దు నిలబడి ఉంది.

"చెట్టుని ముట్టుకోలేదండి లాయరు గారూ," అన్నాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని. "ఎండిపోతే మాత్రం తీయించేస్తాను. దానికీ రూలుంది, చదివారో లేదో!"

చెట్టంటే మొద్దా అని ఆఫీసుకెళ్లి అరిచాను. "చెట్టు ఉందిగా తాతగారూ, ఇంకేంటి?" అన్నాడు గుమస్తా, తల ఎత్తకుండానే.

నీడ పోయింది. చేపలావిడ పక్కవీధి వేపకిందికి మారింది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఎండలో చేపలు ఆగవు. నేను మాత్రం గొడుగు వేసుకుని అక్కడే కూర్చున్నాను. పొద్దున్నా సాయంత్రం బక్కెట్టుతో నీళ్లు మోశాను. చిగురు పుడితే బతికున్నట్టు. పుట్టకపోతే కొట్టాయనదే మాట.

ఒకనాటి పొద్దున బెరడు పగిలి, పచ్చగా నాలుగాకుల చిగురు కనబడింది. చెప్పుకోవడానికి చుట్టూ ఎవరూ లేరు. పక్కవీధికి వెళ్లి చేపలావిడను పిలుచుకొచ్చాను.

"బతికిందండీ!" అంది. వెంటనే నవ్వేసింది. "దీని నీడలో నా బుట్ట కాదుగదా, చేప తోక కూడా పట్టదు."

కిరాణా కొట్లో పసుపు పొట్లం కొని, నా చేతిలో పెట్టింది. "నాయి నీచు చేతులండి, అమ్మోరిని ముట్టుకోకూడదు. మీరే రాయండి. ఈసారి చట్టం చెప్పకండి."

చెప్పలేదు. నీళ్లు కలిపి, నా చేతులతోనే మొద్దు చుట్టూ రాశాను. కొట్టాయన గుమ్మంలోకి వచ్చి చూశాడు. తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

"ఎండెక్కుతోందండి బాబుగారూ," అని ఆవిడ బుట్ట ఎత్తుకుని వేపకిందికి వెళ్లిపోయింది.

కుర్చీ మొద్దు పక్కకు జరుపుకున్నాను. సాయంత్రం దాకా అక్కడ ఎవరూ ఆగలేదు. పొద్దుగూకే వేళకు, ఉన్న ఆ నాలుగు ఆకులూ నిద్రకు ముడుచుకున్నాయి. నేనూ లేచాను.