బూబమ్మ ఇచ్చిన అర్జీ

షాహెదా పోయి ఇంకా ఏడాది తిరగలేదు. నాగర్‌కర్నూల్ కూరగాయల మార్కెట్ వెనక, మున్సిపాలిటీ దుకాణాల మడిగెల వరుసలో చివరిది ఆమెది. భర్త చనిపోయిన ఏడాదే కిరాయికి తీసుకున్న ఆ చిన్న గదిలో పద్దెనిమిదేళ్లు జాకెట్లు కుట్టింది. మూడేళ్లకోసారి కౌన్సిల్ ఒప్పుకుంటే గడువు పెంచేవారు. పల్లెల నుంచి వారపు అంగడికొచ్చే ఆడవాళ్లు ఆమెను బూబమ్మ అని పిలిచేవారు. మడిగెలో సగానికి ఒక పర్దా ఉండేది. కొలతలిచ్చేవాళ్ల కోసం కట్టిందే గానీ, దాని వెనక ఎప్పుడూ ఎవరో ఒక తల్లి పిల్లకు పాలిస్తూ కనిపించేది. జాకెట్ కుట్టించుకుంటావా అని వాళ్లను షాహెదా ఏనాడూ అడగలేదు.

ఒక ఎండాకాలం, ఉప్పునుంతల నుంచి చింతచిగురు గంప తెచ్చిన జంగమ్మ కళ్లు తిరిగి ఆ గడప మీదే కూలబడింది. షాహెదా చెంబుతో నీళ్లిస్తే మూతి తడుపుకొని పక్కన పెట్టేసింది.

"తాగవేందే? ఇషం కలిపిన్ననుకుంటున్నవా?"

"తాగితే యాడికి పోవాలె బూబమ్మా? మొగోళ్లకు గోడలున్నయి, మాకేమున్నది? పొద్దుగాల ఇంటికాడ పోయొస్తిమి, మల్ల ఇంటికి పోయినంకనే."

మరునాడే షాహెదా కొలతల పుస్తకంలోంచి కాగితం చింపి అర్జీ రాసింది, అంగడికొచ్చే ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టించాలని. కొలత లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టని మనిషి. ఎంత జాగా కావాలో రాయకపోతే ఆఫీసువాళ్లు పక్కన పడేస్తారనుకుంది. టేపు తీసి తన మడిగెనే కొలిచింది. పొడవు పన్నెండడుగులు, వెడల్పు పది. ఇంత చాలు అని రాసి, ముప్పై మంది ఆడవాళ్లతో వేలిముద్రలు వేయించి ఇచ్చి వచ్చింది.

ఆ కాగితం రెండేళ్లు ఏ బీరువాలో నిద్రపోయిందో. అది లేచేసరికి షాహెదా మడిగె గడువు తీరిపోయింది. ఒక అంగడి రోజు వార్డు కౌన్సిలర్ వనజ చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్లి జాకెట్ మొదలు ప్రమాణ స్వీకారం నాటి జాకెట్ దాకా ఆమెకన్నీ షాహెదా కుట్టినవే.

"అక్కా, కొంప ముంచుకున్నవ్ గదా! ఇంజినీర్ నీ అర్జీ పట్టుకొని మార్కెట్ అంత తిరిగిండు. నువ్వు రాసిన కొలతకు నీ మడిగెనే సరిపోయిందంట. ఎనకనే నీళ్లు పోయే మోరీ గుడ ఉన్నది. ఎల్లుండి మీటింగ్ల తేలుస్తరు, మడిగె మల్ల నీకే ఇచ్చుడా, కూలగొట్టి బాత్రూములు కట్టుడా అని."

"నాకు ఇంకో మడిగె ఇస్తరా?"

"ఒక్కటి గుడ ఖాళీ లేదక్కా." వనజ సంచిలోంచి ఒక కాగితం తీసింది. "అర్జీ వాపస్ తీసుకుంటున్న అని నేనే రాసుకొచ్చిన. దస్కత్ పెట్టు. తక్కింది నేను చూసుకుంట."

షాహెదా ఇల్లు ఊరి చివర ఆటో కూడా పోలేని సందులో. జాకెట్ కోసం అంత దూరం ఎవరొస్తారు? ఈ మడిగె లేకపోతే తన చేతికి పనే లేదు. ఆమె కాగితాన్ని మిషను మీద పరిచి పెన్ను అందుకుంది.

పర్దా వెనక పిల్లకు పాలిస్తున్న బాలింత మెల్లగా అడిగింది. "బూబమ్మా, మా ఊరి బస్సుకు ఇంకెంత సేపున్నది?"

అంగడి రోజుల్లో ఆ మాట షాహెదా ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. అడిగింది బస్సు గురించి కాదని, ఇంకెంతసేపు ఓర్చుకోవాలోనని ఆమెకు తెలుసు. "గంటున్నది బిడ్డా" అంది. అని, పెన్నుకు మూత పెట్టింది.

"నేనడిగిందే ఇస్తమంటుంటే వద్దని ఎట్లంట వనజా? గొళ్లెం లోపటి దిక్కు గట్టిగ పెట్టమను. పిల్లతల్లి కూసునేటందుకు ఒక అరుగు గుడ కట్టమను."

"మరి నువ్వు యాడికి పోతవ్?"

"తెల్వదు. జర చూసుకుంట."

మరుసటి మంగళవారం మడిగె ఖాళీ చేసింది. ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. చెప్పాపెట్టకుండా వచ్చిన వనజ కొంగు నడుముకు చుట్టి మిషను ఒక పక్క పట్టుకుంది. పదడుగులకోసారి దించుతూ, ఊపిరి తీసుకుంటూ నడిచారు.

"మీటింగ్ల నువ్వు చెయ్యి ఎవరి దిక్కు లేపినవ్?" అని అడిగింది షాహెదా.

వనజ తల వంచుకుంది. "బాత్రూముల దిక్కేనక్కా."

"లేపాలె మరి. లేపకుంటే నీ జాకెట్ చంకల కాడ ఇరుకు కుడుతుంటి."

వనజ నవ్వబోయి ఆగిపోయింది. షాహెదా మిషను మీద చెయ్యి ఆనించి, మొహం గోడవైపు తిప్పుకొని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. అర్జీ ముచ్చట మొదలైనప్పటి నుంచి ఆమె కంట నీరు చూడటం అదే మొదలు. వనజ వంగి మిషను తన పక్క పట్టుకుంటూ అంది.

"లేపు అక్కా. ఇంక నాలుగిండ్లే."