మార్జిన్‌గారు తీసుకోని కాగితం

మార్జిన్‌గారు ఏ కాగితాన్నీ మొదటిసారి తీసుకోరు. అది ఆయన పెట్టుకున్న నియమం కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. ముప్పయ్యేళ్ళుగా ఆ బడికి ఆయనే గుమాస్తా. ఈ ముప్పయ్యేళ్ళలో ఒక్క అర్జీ అయినా, ఆయన బల్ల మీదికి వచ్చిన రోజునే ఫైల్లోకి వెళ్ళిన పాపాన పోలేదు.

కాగితం చేతికిస్తే ముందు చదవరు. కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటారు. తర్వాత సొరుగులోంచి చెక్క స్కేలు తీసి ఎడమవైపు ఖాళీ కొలుస్తారు.

"మార్జిను చాల్లేదండీ. మళ్ళీ రండి."

"వేలెడు వదిలాను కదండీ."

"వేలెడు వదిలితే పెద్దలు వాళ్ళ అభిప్రాయం ఎక్కడ రాస్తారు? మీ నుదుటి మీదా? రెండు వేళ్ళు ఉండాలి."

మార్జిను సరిచేసి తెస్తే మడత అడ్డంగా పడిందంటారు. మడత సరిచేస్తే సిరా పలచగా ఉందంటారు. అన్నీ సరిచేస్తే తేదీ లేదంటారు. తేదీ లేని కాగితం ఆయన దృష్టిలో తల లేని మనిషి.

ఒకసారి మూడో తరగతి పిల్ల కడుపునొప్పి అని ఇంటికి వెళ్ళడానికి చీటీ రాసుకొచ్చింది. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు నొప్పో రాయలేదని తిప్పి పంపారు. ఆ పిల్ల రాసుకొచ్చేసరికి మార్జిను లేదన్నారు. మార్జిను గీసుకొచ్చేసరికి నొప్పి తగ్గిపోయింది. ఇంట్లో కూడా ఇదే వరస. భార్య రాసిచ్చిన సరుకుల చీటీకి కింద సంతకం లేదని ఆయన కొట్టుకి వెళ్ళలేదట. "ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదమ్మా," అని ఆవిడే స్వయంగా టీచర్లకి చెప్పి నవ్వింది. మందుల చీటీ మీద తేదీ వెయ్యలేదని, నూటమూడు జ్వరంతో డాక్టరు దగ్గరికి వెనక్కి నడిచి వెళ్ళిన మనిషి ఆయన.

అందరూ ఆయన్ని చూసి విసుక్కునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. నాలుగో తరగతి టీచరు మాత్రం భయపడేది. అసలు ఆమెకి ఎవరిని చూసినా భయమే. ఆమె క్లాసులో పిల్లలు కిక్కురుమనకుండా కూర్చునేది భయంతో కాదు, గట్టిగా కదిలితే ఆమె మాట వినపడదని. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, అడగడం మానేసి పుస్తకాల్లో వెతుక్కునే రకం.

ఆ ఏడాది ఆమెకి పుస్తకాల్లో దొరకని సంగతి ఒకటి ఎదురైంది. చివరి బెంచీ పిల్ల ఒకతె లేచి నిలబడి పాఠమంతా గడగడా చదివేసింది. పుస్తకం తలకిందులుగా ఉంది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల పక్కవాళ్ళని విని బట్టీపట్టి నెట్టుకొస్తోంది. ఒక్క అక్షరమూ రాదు. టీచరు సెలవుల్లో కూడా పిలిచి నేర్పి చూసింది. రాలేదు. ఆ పిల్ల ఏడవలేదు కానీ, "నాకు రాదులెండి టీచర్, మీరు బాధపడకండి," అంది. ఆ ఓదార్పు టీచరు గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

అప్పుడే ఎమ్మెడ్ చెయ్యాలని నిశ్చయించుకుంది. రెండేళ్ళు, ఫుల్‌టైమ్. ఆ కాలేజీకి సొంతబడి ఉంది. అక్కడ పొద్దున్నే చదవడం రాని పిల్లల పక్కన కూర్చోబెడతారు, మధ్యాహ్నం చూసినదాని గురించి ప్రశ్నలు వేస్తారు. సీటు కూడా వచ్చింది.

"పార్ట్‌టైమ్ చెయ్యవే," అంది అక్క. "ఉద్యోగం ఉంటుంది, పట్టా వస్తుంది."

"రెండూ సగం సగం ఉంటాయక్కా."

"సగం ఉన్నా నయమే. రేపు చదివొచ్చాక ఎవరిస్తారు ఉద్యోగం?"

"తెలీదు. పార్ట్‌టైమ్ వాళ్ళకి ఆ బడి ఉండదు, సాయంత్రం నోట్సే. నాకు పట్టా కాదు కావలసింది, ఆ పిల్లకేం చెప్పాలో కావాలి."

అంత పొడుగు మాట చెల్లెలి నోట ఎన్నడూ వినని అక్క ఇంక అడ్డు చెప్పలేదు.

చదువు సెలవు అని ఒకటుంది. అది దొరికితే రెండేళ్ళయ్యాక వెనక్కి వచ్చి తన కుర్చీలో తను కూర్చోవచ్చు. కానీ దానికి అయిదేళ్ళ సర్వీసు ఉండాలి. టీచరుకి నాలుగేళ్ళ మూడు నెలలే. అంతకుముందు కాన్పుకి వెళ్ళిన టీచరు బదులు తాత్కాలికంగా ఒక ఏడాది చేసింది గానీ, అది లెక్కలోకి రాదని తనకి తనే తీర్పు చెప్పేసుకుంది. ఎవరినీ అడగలేదు.

రాజీనామా రాసి, ఒకటో తారీఖున మార్జిన్‌గారి బల్ల మీద పెట్టింది. పదిహేనో తారీఖులోగా బడి నుంచి విడుదల కాగితం తీసుకెళ్ళకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆయన కాగితం కేసి చూశారు. ఆమె కేసి చూశారు. మళ్ళీ కాగితం కేసి చూశారు.

"మార్జిను చాల్లేదు. మళ్ళీ రండి."

మూడో తారీఖున మడత బాగాలేదు. అయిదున సిరా నచ్చలేదు. ఎనిమిదిన సంతకం కాస్త కుడికి వాలింది. పదకొండున కాగితం మరీ తెల్లగా ఉందన్నారు.

"ఏడ్చేస్తారేమో, పోనీ నేను మాట్లాడనా?" అన్నారు లెక్కల మాస్టారు.

"వద్దండీ."

"ఆయన రిటైరయ్యేలోగా తీసుకుంటారులెండి. అదొక్కటే ధైర్యం."

పద్నాలుగున, అయిదుసార్లు తిరిగొచ్చిన ఆ రాజీనామాని ఆరోసారి, స్కేలు పక్కన పెట్టుకుని రాసింది టీచరు. ప్రార్థన అవగానే ఆఫీసు గదిలోకి వెళ్ళి ఇచ్చింది. ఇచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇవాళ మీరు ఇది తీసుకునేదాకా నేను లేవను."

ఆ మాట వరండా దాటి స్టాఫ్‌రూములోకి వినిపించింది. ఎవరిదా గొంతని లెక్కల మాస్టారు చాక్‌పీసుతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

మార్జిన్‌గారు కాగితం ఎత్తి వెలుతురుకి పెట్టారు. స్కేలుతో కొలిచారు. తిరగేసి వెనక చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"బాగుంది," అన్నారు.

ముప్పయ్యేళ్ళలో ఆ గది ఆ మాట విని ఎరగదు.

"అయితే తీసుకుంటారా?"

"తీసుకోను."

టీచరు కళ్ళు నిండిపోయాయి. ఆయన ఆ కళ్ళ వైపు చూడకుండా సొరుగు తీసి, ఇంకో కాగితం తీసి ఆమె ముందుకి జరిపారు.

"చదువు సెలవుకి దరఖాస్తు. సంతకం మీరు పెట్టాలి. పెద్ద టీచరుగారితో మాట్లాడాను, మధ్యాహ్నానికి మంజూరు చేసి విడుదల కాగితం ఇచ్చేస్తారు."

"నాకు అయిదేళ్ళు లేవు కదండీ?"

"ఉన్నాయి. తాత్కాలికంగా చేసిన ఏడాది కూడా కలుపుకోవచ్చని పైఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఇవాళ పొద్దున్నే."

"వాళ్ళని ఎవరడిగారు?"

"ఉత్తరం నేనే రాశాను."

"మరి ఇన్నాళ్ళు పట్టిందేం?"

మార్జిన్‌గారు స్కేలుని సొరుగులో పెట్టి, మళ్ళీ బయటికి తీశారు. "రెండుసార్లు తిప్పి పంపారు."

"ఎందుకు?"

"మార్జిను చాల్లేదట." ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "ఇప్పుడు మూడు వేళ్ళట."

గుమ్మంలో లెక్కల మాస్టారికి దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని అవతలికి వెళ్ళిపోయారు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"చేతికి రాని ఆర్డరు గురించి నోటితో ఎలా చెప్పేదమ్మా? రాకపోతే?" టీచర్లని గారూ అని తప్ప పిలవని మనిషి మొదటిసారి అమ్మా అన్నారు. "మీ రాజీనామా తీసుకున్నానంటే ఆ పూటతో సర్వీసు తెగిపోతుంది. ఇంక కలపడానికి ఏముంటుంది? అందుకని మడత, సిరా, ఏదో ఒకటి. సంతకం వాలిందన్నప్పుడు నాకే నవ్వొచ్చింది."

"మరి ఇవాళ ఆర్డరు వచ్చేసింది కదా. దీన్ని ఎందుకు కొలిచారు?"

"ఇచ్చిన కాగితాన్ని కొలవకుండా ఎలా ఉంటానండీ?"

టీచరు దరఖాస్తు చేతిలోకి తీసుకుంది. గుండ్రటి చేతిరాత, తిన్నని వరసలు, ఎడమవైపు నాలుగు వేళ్ళ ఖాళీ. కాగితం అంచులు సొరుగులో నలిగి మెత్తబడ్డాయి. నిన్నా మొన్నా రాసింది కాదు. పైన కుడివైపు 'తేదీ' అని ఉంది, దాని పక్కన ఏమీ లేదు. ఆర్డరు ఏ రోజు వస్తుందో తెలియక వదిలేసిన ఖాళీ అది. అంటే తను ఒకటో తారీఖున రాజీనామా ఇచ్చి వెళ్ళిన పూటే ఆయన ఇది రాసిపెట్టి ఉండాలి.

ధన్యవాదాలు చెప్పాలనుకుంది. కానీ తన గొంతుని అప్పటికే ఆ రోజుకి సరిపడా వాడేసింది. సంతకం పెట్టబోయిన కలానికి మూత పెట్టి, కాగితాన్ని రెండు చేతులతో ఆయనకి తిరిగి ఇచ్చింది.

"తేదీ లేదండీ," అంది. "మళ్ళీ రండి."

మార్జిన్‌గారు కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసుకున్నారు. "నిజమే," అన్నారు. తేదీ వేశారు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమె కుర్చీ ముందు వినయంగా నిలబడ్డారు.

"ఈసారి చూడండి టీచరుగారూ."

టీచరు కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

"స్కేలు ఇలా ఇవ్వండి."