పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం చేసిన రొట్టె

మా వదినది ఐర్లాండ్. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో కొన్నాళ్ళు నర్సుగా పనిచేసి పోదామని వచ్చింది. మా అన్న అదే ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసేవాడు. ఆమె తిరిగి పోలేదు.

పెళ్ళయిన కొత్తలో పుంగనూరు పక్కన ఉన్న మా పల్లెకు వచ్చినప్పుడు నేను ఇంకా చదువుకుంటున్నాను. ఆమె మాట మా అమ్మకు, మా అమ్మ మాట ఆమెకు అర్థమయ్యేవి కావు. ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ పొద్దు గడిపేవాళ్ళు. వదినకు తెలుగు పుస్తకాల్లో నుంచి రాలేదు, మా అమ్మ నోట్లో నుంచి వచ్చింది. అందుకే ఇప్పటికీ ఎందుకు, ఎక్కడ అనకుండా 'యాల', 'యాడ' అనే అంటుంది. ఆమె తెల్లతోలు చూసి ఇంగ్లీషు కూడబలుక్కుంటున్న టమోటాల అంగడి ఆయన, "యాలప్పా ఇంత మెత్తగుండాయి?" అని ఆమె అడగ్గానే నోరు తెరుచుకుని నిలబడిపోవడం నేను కళ్ళారా చూశాను.

మా ఇంట్లో ఆమె ఏదీ వద్దనేది కాదు. సంగటి తినేది, అందులోకి ఊరిబిండి పచ్చడీ తినేది. కానీ తింటున్నట్టు నటిస్తోందని మా అమ్మ పసిగట్టింది. "మీ ఊర్లో ఏం తింటారో సెయ్యమను" అని అన్నతో చెప్పించింది. వదిన గోధుమపిండి, ఉప్పు, వంటసోడా, బాగా పులిసిన మజ్జిగ అడిగింది. అంతే. ఈస్టు లేదు, గుడ్డు లేదు. పిండి కలిపి గుండ్రంగా తట్టి, పైన కత్తితో అడ్డంగా, నిలువుగా లోతుగా గీసింది.

"యాల కోస్తాండావు?" అంది అమ్మ.

వదిన అన్న చెవిలో ఏదో చెప్పింది. అన్న నవ్వి, "లోపలుండే దయ్యాలు బయటికి పోవాలంట" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. ఆ రోజు ఇనుప గిన్నెలో రొట్టె పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చారు. వదిన వాళ్ళ అవ్వ కూడా అట్లాగే కాల్చేదట. మా అమ్మ దానికి సోడా రొట్టె అని పేరు పెట్టింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, "బాగానే ఉండాది, కానీ గొంతు పట్టుకుంటాది" అని నీళ్ళు తాగింది.

తర్వాత మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నాక అన్న ఆమెకు కరెంటు ఓవెన్ కొనిపెట్టాడు. వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. అమ్మ, నాయన ఒకరి తర్వాత ఒకరు పోయారు. నాకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాను. సెలవులకు మదనపల్లె పోతే ఆ రొట్టె, వెన్న, టీ ఉండేవి. అన్నకు మాత్రం అందులోకి చెనక్కాయల చట్నీ కావాలి. "ఇట్ల తింటే మా అవ్వ పైనుంచి ఏడుస్తాది" అనేది వదిన.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అన్న పోయాడు. ఆసుపత్రికి నడుచుకుంటూ పోయినవాడు ఇంటికి రాలేదు. శవాన్ని కూడా ఇంటికి పంపలేదు. మునిసిపాలిటీ వాళ్ళే తీసుకుపోయి కాల్చారు. వదినను దూరంగా నిలబెట్టి, నీలం ప్లాస్టిక్ సంచిని చూపించారు. ఆ సమయానికి కుప్పంలో నేను, మా ఆయన ఇద్దరమూ జ్వరంతో మంచం మీద ఉన్నాం. ఫోన్లో వదిన గొంతు వింటూ ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆమె ఏడవలేదు. "నువ్వు లేసి తిరగాల ముందు. నీళ్ళు తాగు. ఆక్సిజన్ సూసుకుంటా ఉండు" అని నర్సు మాటలే చెప్పింది.

నాకు కాళ్ళలో బలం వచ్చి, బస్సులు తిరగడం మొదలయ్యాక మదనపల్లెకు పోయాను. పలమనేరు, పుంగనూరు దాటి పోతుంటే దారి పొడవునా అంగళ్ళు మూసే ఉన్నాయి. పొలాల గట్ల మీద కోసి పారబోసిన టమోటాలు కుళ్ళిపోతున్నాయి. ఆ వాసన బస్సులోకి కొట్టింది.

వదిన తలుపు తీసింది. ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఉంది. ఇల్లు చిందరవందరగా ఉంటుందనుకుంటూ పోయాను. అట్లా లేదు. హాల్లో ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ గోడ వెంబడి వరసగా వేసి ఉన్నాయి. మేడ మీద వాడని ప్లాస్టిక్ కుర్చీలు కూడా దించి, తుడిచి వేసింది. బల్ల మీద టీ కప్పులు బోర్లించి, పైన తెల్లగుడ్డ పరిచింది. పక్కన పళ్ళెంలో సోడా రొట్టె ఉంది. ఇంకా వెచ్చగా ఉందని వాసన బట్టి తెలుస్తోంది.

"వచ్చినావా పాపా" అంది. నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచి నన్ను పాపా అనే పిలుస్తుంది. "నువ్వే మొదట వచ్చినావు."

మొదట ఆ మాట నాకు అర్థం కాలేదు. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి పోయాను. అక్కడ గంపలో, బియ్యం డ్రమ్ము మీద, కిటికీ దగ్గర, ఎక్కడ చూసినా రొట్టెలు. కొన్నింటికి బూజు పట్టింది, కొన్ని రాయిలా గట్టిపడ్డాయి. ఆ రొట్టెకు ఆయుష్షు ఒక్కరోజే. మర్నాటికి ఎండిపోతుంది. అది ఆమెకు తెలియనిది కాదు.

నా వెనకే వచ్చి ఆమే చెప్పింది.

"మా ఊర్లో ఎవురన్నా పోతే, ముందు గదిలో పండబెడతాము పాపా. ఊరంతా వస్తారు. పిలిసే పని లేదు. వచ్చినోళ్ళకు టీ, రొట్టె ఇయ్యాల. వాళ్ళు కూసోని పోయినోళ్ళ గురించి మాట్లాడతారు. నవ్వుతారు కూడా. అట్ల మాట్లాడితేనే పోయినోళ్ళు నెమ్మదిగా పోతారు. ఇల్లు కాలీగా ఉండగూడదు."

"ఇప్పుడు ఎవరూ రాకూడదు కదా వదినా."

"తెలుసు. నేను నర్సునే కదా. ఎవురన్నా వస్తే నేనే గేటు కాడ నిలబెట్టి ఎనక్కి పంపిస్తా. అయినా పొద్దున లేస్తానే చెయ్యి పిండిలోకి పోతా ఉండాది. ఏం సెయ్యాల?"

ఎదురింటావిడ ఒక్కతే పాల ప్యాకెట్లు గేటుకు తగిలించి, దూరం నుంచి "అమ్మా" అని కేక వేసి పోయేదట. ఆ పాలే తోడేసి, మజ్జిగ చేసి, రోజూ రొట్టె కాల్చింది. సాయంత్రం వరకు ఎదురుచూసి, దాన్ని వంటింట్లో పెట్టేసేది. పారేయడానికి చెయ్యి రాలేదు.

నన్ను హాల్లో మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. రొట్టె కోసి, మందంగా వెన్న రాసి, టీతో పాటు ఇచ్చింది. తాను ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు మీ అన్న గురించి సెప్పు" అంది, "నాకు తెలీంది ఏదన్నా."

ఒక ముక్క కొరికి టీ తాగాను. చిన్నప్పుడు అన్న సైకిలు నేర్చుకున్న సంగతి చెప్పాను. పాలాయన మా ఇంటి ముందు సైకిలు ఆపి లోపలికి వస్తే, క్యాన్లతో సహా దాన్ని ఎత్తుకుపోయి, వాలులో తొక్కి, నీళ్ళు లేని వంకలో పడ్డాడు. పాలన్నీ ఇసుకలో ఇంకిపోయాయి. దెబ్బలు తప్పించుకోవడానికి, పాలు తాగుదామని మా పెంపుడు కుక్క తరిమిందని నాయనతో అబద్ధం చెప్పాడు. నాయన నమ్మి, పాపం ఆ కుక్కను వారం దినాలు కట్టేశాడు.

వదిన నవ్వింది. పెద్దగా, తల వెనక్కి వాల్చి నవ్వింది. "ఈ మాట నాతో ఎప్పుడూ సెప్పలే సూడు, దొంగోడు" అంది. నవ్వు మధ్యలోనే మొహం మారిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్న పోయాక ఆమె ఏడవడం అదే మొదలని తర్వాత చెప్పింది. నేను లేచి ఆమె పక్క కుర్చీలోకి మారాను. ఆ పూటంతా ఇద్దరమూ అక్కడే ఉన్నాం. మిగిలిన కుర్చీలన్నీ మమ్మల్నే చూస్తున్నట్టున్నాయి.

మర్నాడు బూజు పట్టిన రొట్టెలు పారేసి, ఎండినవాటిని నీళ్ళలో నానబెట్టి, వీధిలో తిరిగే ఆవులకు పెట్టాం. కుర్చీలు మాత్రం ఆమె తీయనివ్వలేదు.

ఏడాది గడిచాక మా పల్లెలో సంవత్సరీకం పెట్టారు. అప్పటికి జనం మామూలుగా తిరుగుతున్నారు. సోమల నుంచి, కలికిరి నుంచి చుట్టాలంతా వస్తారని మా పెదనాయన చెప్పాడు. వదిన మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. అందరూ ఒకచోట చేరుతున్నారు, అన్న గురించి మాట్లాడతారు. ముందురోజంతా పిండి కలిపి, ఒక్కొక్కటే ఓవెన్లో కాల్చి, టవలు పరిచిన గంపలో పేర్చింది. గంప ఒళ్ళో పెట్టుకునే బస్సులో వచ్చింది.

వాకిట్లోనే పెదనాయన ఆపాడు. కోపంగా కాదు, నిజంగా ఇబ్బంది పడుతూ చెప్పాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. ఈ పొద్దు పులిసినవి, సోడా ఏసినవి లోపలికి రాగూడదు. పిండాలు పెట్టించే అయ్యవారు లోపల ఉండారు. బయటే పెట్టు, అంతా అయినాక తింటారులే."

"సరే మామా" అంది వదిన. గంపను పందిట్లో ఒక మూల స్టూలు మీద పెట్టి, పైన టవలు కప్పింది.

పిండాలు పెట్టారు. విస్తర్లు వేశారు. అన్నం, పప్పు, వడలు, పాయసం. కడుపు నిండా తిన్నాక రొట్టె ఎవరికి కావాలి? నేనే ముక్కలు కోసి పళ్ళెంలో తిప్పాను. మొహమాటానికి తీసుకున్నారు. ఒకరిద్దరు "బాగుండాది" అన్నారు. ఒక పెద్దాయన "కేకా ఇది?" అని కొరికి, తియ్యగా లేదని కింద పెట్టాడు. అన్న గురించి ఎవరూ మాట్లాడలేదు. భూముల ధరలు మాట్లాడారు, బెంగళూరు పోయే కొత్త రోడ్డు గురించి మాట్లాడారు. తర్వాత వదిన కూడా కొంగు బిగించి ఎంగిలి విస్తర్లు ఎత్తడానికి వచ్చింది. చాలా విస్తర్ల అంచున, ఒకసారి కొరికి వదిలేసిన రొట్టె ముక్కలు ఉన్నాయి. ఆమె విస్తర్లన్నీ మడిచి చెత్తగంపలో వేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బస్సు పుంగనూరు దాటింది. తర్వాత అంది, "పాపా, ఈడ నాకు మీ అన్న ఒక్కడే సుట్టం. మిగిలినోళ్ళంతా ఆయన సుట్టాలు."

"మరి నేను?"

నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.  

ఆ చలికాలంలోనే ఐర్లాండ్‌లో వాళ్ళ అక్క జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెకు పెళ్ళి కాలేదు, చూసేవాళ్ళు లేరు. వదిన పోతానన్నప్పుడు, కాలు బాగయ్యేదాకేనా అని అడిగాను. "సూస్తాము" అంది. ఆ మాట పలికిన తీరులోనే ఇక రాదని నాకు తెలిసిపోయింది.

పోయే ముందు నన్ను పిలిపించుకుని, రొట్టె నా చేత చేయించింది. నేను అలవాటుగా పిండిని మర్దించబోతే చేతి మీద కొట్టింది. "పిసకొద్దు! సపాతీ పిండి కాదు ఇది. మజ్జిగ పోస్తానే సోడా పొంగుతాది, ఆలోపల గబగబా కలిపి పెట్టేయాల. ఎక్కువ ముట్టుకుంటే అలుగుతాది." కాలిన రొట్టెను తలకిందులు చేసి, అడుగున వేలితో తట్టి చూపించింది. లోపల బోలుగా మోగితే ఉడికినట్టు. నాది మోగలేదు. ఇంకొంచెంసేపు పెట్టాం. అప్పటికి పైన మాడింది. "మొదటిది కుక్కలకే" అని తనే ఆ మాడు గీకి, ఒక ముక్క తిన్నది.

ఎదురింటావిడ, నేను కారు దాకా పోయాం. వదినను కావలించుకుంటే చీరలో వంటింటి వాసన వచ్చింది. బెంగళూరు విమానాశ్రయం దాకా నేనూ వస్తానంటే వద్దంది. ఇల్లు బాడుగకు ఇచ్చాం. చేరినవాళ్ళకు ఓవెన్ అక్కర్లేదన్నారు. దాన్ని కుప్పం తెచ్చుకున్నాను.

ఆదివారాలు రొట్టె చేస్తాను. ఒకసారి గట్టిగా వస్తుంది, ఒకసారి మధ్యలో పచ్చిగా ఉంటుంది. ఎట్లా వచ్చినా మా ఆయన తింటాడు. వదినకు ఫోన్లో చూపిస్తే, తనకూ అక్కడ కుదరడం లేదంది. "ఈడ మజ్జిగ డబ్బాల్లో అమ్ముతారు పాపా. పులుపే ఉండదు. నిమ్మకాయ పిండతాండాను. మా అక్క తింటాది, కానీ నాకు నోటికి పోదు." వెనక కిటికీలో చీకటి కనిపించింది. చలికాలం కదా, అక్కడ ఇంకా సాయంత్రం ఐదే.

"వచ్చేయి వదినా" అన్నాను.

"మా అక్కను ఇడిసిపెట్టి యాడికి రావాల?"

ఇప్పుడు ఆమె ఫోన్లు తగ్గాయి. తెలుగు కూడా జారిపోతోంది. ఇరవై ఏళ్ళకు పైగా మాట్లాడిన భాష, చుట్టూ ఒక్కరూ మాట్లాడకపోతే ఇంత తొందరగా పోతుందని నేను అనుకోలేదు. మాట మధ్యలో ఆగి, వెతుక్కుని, చివరికి ఇంగ్లీషు పదం వేసి ముందుకు పోతుంది. పోయిన వారం ఒక మాట కోసమే ఫోన్ చేసింది.

"పాపా, సెనక్కాయలు ఒలిసినాక మిగిల్తాదే, మీ అమ్మ పొయ్యిలో ఏస్తా ఉండె. దాన్ని ఏమంటారు? పొద్దుట్నుంచి గుర్తు చేసుకుంటాండాను. రావడం లే."

"పొట్టు" అన్నాను.

"పొట్టు" అంది. కొంచెం ఆగి మళ్ళీ అంది, "పొట్టు." తర్వాత లోపలి నుంచి వాళ్ళ అక్క పిలిచినట్టుంది. ఉంటాను పాపా అని పెట్టేసింది.