మూడో పాటలో ఎక్కిళ్ళు

ఇప్పుడు పాట కావాలంటే ఫోన్‌కి నోటితో చెబితే చాలు, పాడేస్తుంది. మేము తార్నాక బస్టాపులో నిలబడి చదువుకున్న ఆ రోజుల్లో (క్లాసులో కూర్చున్నదానికంటే అక్కడ నిలబడిందే ఎక్కువ కాబట్టి అలాగే అనాలి) పాట అంటే చేతికి తగిలే వస్తువు. ఒకరి దగ్గర ఉంటే మిగతావాళ్లు అడుక్కోవాలి, తీసుకున్నవాడు గీత పడకుండా తిరిగివ్వాలి. ఆ అడుక్కోవడాల్లో, ఇవ్వడాల్లో ఎన్ని స్నేహాలు పుట్టాయో ఈ కాలం పిల్లలకు చెప్పినా నమ్మరు. నాకైతే ఒక పాట కంప్యూటర్లోకి సరిగ్గా ఎక్కకపోవడం వల్ల క్రిస్మస్ నుంచి పరీక్షల దాకా రోజులు హాయిగా గడిచాయి. అంత హాయి మళ్లీ దొరకలేదు.

అప్పుడు నేను క్యాంపస్ హాస్టల్లో ఉంటూ ఎం.ఏ. చరిత్ర చదివేవాణ్ణి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే అమ్మాయి ఒకామె మా క్లాసులో ఉండేది. అమ్మాయిల పేర్లు పైకి పలకకుండా వాళ్ల బస్తీ పేరుతో చెప్పుకోవడం మా హాస్టల్ మర్యాద కాబట్టి ఆమె మాకు 'మెట్టుగూడ'. వాళ్ల చర్చిలో పాడేవాళ్లంతా కలిసి ఆ క్రిస్మస్‌కి ఒక సీడీ చేయించుకున్నారు. అందులో మూడో పాట ఆమె ఒక్కతే పాడింది. "మా ఇంట్ల గీ ఒక్క సీడీయే మిగిలిందండి. ఎవరన్న కంప్యూటర్ల ఎక్కించి ఇంకోటి తీసిస్తే బాగుండు. ఇది గూడ ఖరాబైతే మా అమ్మ ఊకోదు" అని ఒకరోజు క్లాసయ్యాక అందరి వైపూ చూసి అంది. అందరినీ అడిగిన మాటకు నేనొక్కణ్ణే లేచి నిలబడ్డాను. "నేను తీసిస్తనండి. మా రూంల కంప్యూటర్ ఉన్నది" అన్నాను. ఉన్నమాట నిజమే. కాకపోతే అది నా రూమ్మేట్‌ది. నాకు దాన్ని ఆన్ చేయడం వచ్చు, ఆఫ్ చేయడంలో ఇంకా సందేహాలుండేవి.

ఆ రూమ్మేట్‌ని హాస్టలంతా స్క్రూడ్రైవర్ అని పిలిచేది. చొక్కా జేబులో పెన్ను లేకుండా పరీక్షకైనా వెళ్లేవాడు గానీ స్క్రూడ్రైవర్ లేకుండా మెస్సుకు కూడా వెళ్లేవాడు కాదు. తనే ఒక్కో సామానూ తెచ్చి బిగించుకున్న కంప్యూటర్ అది. పక్క రేకు ఎప్పుడూ ఊడదీసే ఉండేది, ఎలాగూ మళ్లీ విప్పాలి కదా అని. అందులోకి పాటలు ఎక్కించి విన్నాం. మొదటి రెండూ బాగానే వచ్చాయి. మూడో పాటలో ఆమె గొంతు అందుకోగానే ఎక్కిళ్ళు వచ్చినట్టు మాట మాటకీ తెగిపోవడం మొదలైంది. పాడుతున్న మనిషి వీపు మీద ఎవరో చరుస్తున్నట్టుంది.

"బయటి చప్పుడు పడుతున్నది రా" అన్నాను నేను. నవ్వకండి. మా ఊళ్లో క్యాసెట్ కాపీ చేయాలంటే రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో పాట పెట్టి, రెండోదాంట్లో రికార్డు నొక్కి, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్లం. అయినా మా నానమ్మ కోళ్లను అదిలించిన కేక ఒక ప్రేమపాటలో ఉండిపోయింది. (ఆ పాట ఇప్పుడెక్కడ విన్నా ఆ చోట కోళ్లు లేకపోతే నాకు వెలితిగా ఉంటుంది.) అందుకని ఫ్యాన్ ఆపాను, కిటికీలు మూశాను, వరండాలో క్రికెట్ ఆడేవాళ్లను బతిమాలి కిందికి పంపాను.

"అరే, అది లోపట్నే కాపీ అయితది రా! దానికి చెవులుంటయా ఏంది?" అన్నాడు స్క్రూడ్రైవర్. నేను వినలేదు. చివరికి "సరే తియ్, ఎందుకైన మంచిది" అని తనూ కాళ్లు ముడుచుకుని మంచం మీద కదలకుండా కూర్చున్నాడు. వాళ్లింట్లోనూ రెండు టేప్‌రికార్డర్లే మరి. బకెట్ కోసం వచ్చిన పక్కరూమువాడు మా ఇద్దరినీ ఆ చీకట్లో, చెమటల్లో చూసి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. మేము ప్రార్థనలో ఉన్నామని మెస్సులో చెప్పాడట.

అంత మౌనం పాటించినా ఎక్కిళ్ళు పోలేదు. తీసిన ప్రతి కాపీనీ సాయంత్రం మెట్టుగూడకు ఇచ్చేవాణ్ణి. ఆమె ఇంటికి తీసుకెళ్లి విని, మర్నాడు తిరిగి తెచ్చేది. "ఇంక ఎక్కిళ్ళు ఉన్నయండి" అనేది. ఆ మాట చెప్పడానికి క్యాంపస్ నుంచి తార్నాక దాకా ఇద్దరం నడిచేవాళ్లం. బస్టాపు పక్కన చాయ్ తాగేవాళ్లం. వాళ్ల నాన్న డ్యూటీల గురించి, మా ఊరి గురించి, పాడేటప్పుడు ఆమెకు ఎక్కడ భయమేస్తుందో ఆ చోటు గురించి మాట్లాడుకునేవాళ్లం. సికింద్రాబాద్ బస్సు వస్తే "రష్ ఉన్నది, ఇంకోటి ఎక్కుత" అనేది. కిటికీ పక్కన సీట్లు ఖాళీగా కనిపిస్తూనే ఉండేవి. ఆడపిల్లలకు బస్సు గురించి మనకంటే బాగా తెలుసని ఊరుకునేవాణ్ణి.

ఆఖరికి స్క్రూడ్రైవరే కనిపెట్టాడు. "సీడీ మీద సన్న గీతలున్నయి రా. మన డ్రైవ్ ఫుల్ స్పీడ్ల ఉరుకుతున్నది, గీత కాడికి రాంగనే దుంకుతున్నది. నిమ్మలంగ చదువుమని చెప్పాలె" అని ఏవో సెట్టింగులు మార్చి, వేగం బాగా తగ్గించాడు. అనుమానం వచ్చిన చోట మళ్లీ చదివేట్టు కూడా పెట్టాడు. చాలాసేపు పట్టింది గానీ మూడో పాట మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా వచ్చింది. నేను మంచమెక్కి గంతులేశాను. మర్నాడు ఆమె మాత్రం తల వంచుకుని, "మంచిగనే ఉన్నది గని... రెండో చరణంల జర ఎక్కిళ్ళు ఉన్నట్టే ఉన్నయండి" అంది.

రూములో మళ్లీ పెట్టి విని, "నాకేం వినపడ్తలేదు. దిమాక్ ఖరాబైందా మీకు?" అన్నాడు స్క్రూడ్రైవర్. "నీకు సంగీతం తెల్వది" అన్నాను. (నాకు తెలిసినట్టు!) మళ్లీ ఫ్యాన్ ఆపాను. మళ్లీ కాపీ, మళ్లీ తార్నాక, మళ్లీ ఆ రెండో చరణమే.

పరీక్షలయ్యాయి. వాళ్ల నాన్నకు కాజీపేటకు బదిలీ అయింది. చివరిరోజు ఆమె తమ సీడీ తిరిగి తీసుకుని, మా కాపీని కూడా సంచిలోనే ఉంచుకుని, "ఇప్పుడు మంచిగ ఉన్నదండి. ఒక్క ఎక్కిలి గూడ లేదు" అంది. నేను ఏదైనా అంటానేమోనని చూసింది. నేను, "హమ్మయ్య! ఇగ మీకు తిప్పలు తప్పినయి" అన్నాను. ఆమె వచ్చిన మొదటి బస్సే ఎక్కింది. అది నిజంగానే కిక్కిరిసి ఉంది. నేను రూముకు వచ్చి "సాధించినం రా!" అని అరిస్తే, స్క్రూడ్రైవర్ నన్ను కాసేపు చూసి, కంప్యూటర్ పక్క రేకు తీసుకుని బిగించడం మొదలుపెట్టాడు.

మొన్న మల్కాజ్‌గిరిలో మా ఇంటి అటక సర్దుతుంటే ఆమె తిరిగిచ్చిన కాపీలు బయటపడ్డాయి. వాటిని పెట్టుకునే చోటు ఇప్పటి కంప్యూటర్లకు లేదు. స్క్రూడ్రైవర్‌కి ఫోన్ చేస్తే పాత డ్రైవ్ ఒకటి పట్టుకుని వచ్చాడు (జేబులో ఇంకా అదే ఆయుధం). మొదటివాటిలో ఎక్కిళ్ళున్నాయి. నెమ్మదిగా చదివించిన తర్వాతవన్నీ శుభ్రంగా ఉన్నాయి. రెండో చరణం మళ్లీ మళ్లీ పెట్టి విన్నాను. అందులో ఆమె గొంతు తప్ప ఏమీ లేదు.

"అప్పుడే చెప్పిన గదరా నీకు" అన్నాడు వాడు.

నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్లూ వచ్చాయి. బస్టాపులో పాట బాగైందని సంబరపడుతూ నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఒక మొట్టికాయ వేసి, ఒక చాయ్ ఇప్పించాలనిపించింది.

"ఇంకొక్కసారి పెట్టు రా" అన్నాను.

వాడు లేచి ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి వచ్చి, కాళ్లు ముడుచుకుని నా పక్కన కదలకుండా కూర్చున్నాడు.