అవ్వ ఆమేన్ అనేదాకా

మా సంఘం స్త్రీలకు ఒక అలవాటు ఉండేది. ఇప్పటికీ ఉంది. ఎవరైనా మైకు చేతికిస్తే కళ్లు మూసుకుంటారు. మైకు పట్టుకునేది ప్రార్థన చేయడానికో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికో మాత్రమే కదా. అందుకే అక్క మొదటిసారి కెమెరా తీసుకుని స్త్రీల కూడికకు వచ్చిన రోజు ఒక తమాషా జరిగింది.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసిన కార్మికుని కూతురు. సైన్యంలో జవానుగా ఉన్న ఆయనను పెళ్లి చేసుకుని మా ఊరు వచ్చింది. మా ఊరు భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. బావ ఎక్కడో ఉత్తరాన కొండల మీద. కొన్నాళ్లు ఆయనతో క్వార్టర్స్‌లో ఉండి, ఆ కొండలకు కుటుంబాలను పంపరు కాబట్టి తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత ఊరి కేబుల్ ఛానెల్ వాళ్లను అడిగి వారానికి ఒక గంట తీసుకుంది. చుట్టుపక్కల ఊళ్ల మనుషులు తమ సంగతులు తామే చెప్పుకునే కార్యక్రమం అది. ఏం తీయాలో చూసుకునేది, తీసేది, కూర్చేది అన్నీ ఆమే. తెర మీద మాత్రం ఎన్నడూ కనిపించలేదు.

ఆ రోజు అక్క ఒకామె నోటి ముందు మైకు పెట్టి, "మీ వాడల నీళ్ల సంగతి చెప్పమ్మా" అంది. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, తల వంచి, కళ్లు మూసి, "ప్రేమగల తండ్రీ, మా వాడకు నల్లా సక్కగ వస్తలేదు నాయనా" అని మొదలుపెట్టింది. తర్వాతి ఆమె కూడా అంతే. మురుగు మోరీ సంగతి, వీధి దీపం సంగతి, అన్నీ దేవునికే చెప్పారు.

కేబుల్ ఆపరేటర్ అది చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏందక్కా ఇది? నల్లా గురించి అడిగితే ప్రార్థన చేస్తున్నరు. కండ్లు తెరిపిచ్చి మళ్లొకసారి తియ్."

"ఎందుకు తియ్యాలె? కండ్లు మూసుకుని చెప్పేటోళ్లు అబద్ధం చెప్పరు. గట్లనే వెయ్."

"జనం నవ్వుతరక్కా."

"నవ్వనీ. నవ్వేటందుకైనా చూస్తరు గద."

అది అట్లాగే ప్రసారమైంది. జనం నవ్వారు. ఊరంతా చూసింది కాబట్టి నల్లా కూడా బాగైంది. మా స్త్రీలు దాన్ని కూడా సాక్ష్యంగానే చెప్పుకున్నారు.

ఆమె పనిలో ఇంకొక నియమం ఉండేది. మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపదు. ఎంత సాగదీసినా, ఎటు వెళ్లిపోయినా, వాళ్లంతట వాళ్లు ముగించేదాకా కెమెరా నడవాల్సిందే. నేను ఆమె వెంట గొడుగు, బ్యాగు మోస్తూ తిరిగేదాన్ని. ఒకసారి ఎండలో నిలబడలేక, "చాలు అనొచ్చు గద అక్కా" అన్నాను.

"మీ బావ ఫోన్ చేసినప్పుడు ఎట్లుంటదో నీకు తెల్వదు చెల్లె. ఆ కొండల మీద సిగ్నల్ ఉండదు. ఆయన ఏదో చెప్పబోతడు, సగంల తెగిపోతది. ఆ మిగిలిన సగం ఏందోనని మళ్లా ఫోన్ వచ్చేదాక ఆలోచిస్తనే ఉంట. నా చేతులారా ఇంకొకరి మాట సగంల తెంపుతనా?"

నేను గొడుగు సర్దుకుని నిలబడ్డాను.

ఒక ఏడాది వానాకాలంలో గోదావరి బాగా పెరిగింది. ఒడ్డున ఉన్న గూడేలను ఖాళీ చేయించారు. ట్రాక్టర్లలో, పడవల్లో, ఎవరికి ఏది దొరికితే అందులో బయలుదేరారు. తల్లి ఒక బడిలో, కొడుకు ఇంకొక ఊరి బడిలో. ఎవరు ఎక్కడ దిగారో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఆ రోజుల్లోనే టీవీలో ఇంకొక వార్త వచ్చింది. ఉత్తరాన కొండచరియలు విరిగిపడి సైనికుల శిబిరానికి దారి తెగిపోయిందన్నారు. బావ ఉన్నది అక్కడే.

అక్క క్వార్టర్స్‌లో నేర్చుకున్న హిందీలో యూనిట్‌కు ఫోన్ చేసింది. సమాచారం రాగానే చెబుతామన్నారు. మరునాడు చేసింది. అదే జవాబు. బావ ఫోన్ మోగడం లేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టర్ అయ్యగారు ఈ సంగతి చెప్పి అందరినీ మోకరించమన్నారు. చాలాసేపు ప్రార్థించాం. సంఘమంతా ఏడ్చింది. తర్వాత అక్క లేచి నిలబడింది. ధైర్యం కోసం బైబిల్లోని ఏదైనా వాగ్దానం చెబుతుందేమో అనుకున్నాను.

"నా సంగతి దేవునికి ఎరుకే," అంది. "గోదారి పక్క గూడెపోళ్లు ఎక్కడెక్కడున్నరో వాళ్లోళ్లకు ఎరుక లేదు. రేపు పొయ్యి అందరి ముఖాలు తీసుకొస్త. ఎవరన్న ఒకరు నాతోని రాండ్రి."

ఒక పెద్దావిడ కోప్పడింది. "ఏందమ్మా, పెనిమిటి సంగతి తెల్వకముందే కెమెరా పట్టుకుని తిరుగుతవా? ఇంట్ల కూసుని ప్రార్థన చేసుకోరాదు?"

"ఎదురుచూసుడు ఎట్లుంటదో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు పెద్దమ్మా? అందుకే పోతున్న."

ఆమె వెంట నేనే వెళ్లాను. వాన తెరిపినివ్వడం లేదు. బడి వరండాలో మేకలు, గంప కింద కోళ్లు, బెంచీల మీద తడి బట్టలు. లోపల గూడెం మనుషులు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. మా సంఘం వాళ్లు పొద్దున్నే పులిహోర తెచ్చి పంచి వెళ్లారు. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫోన్ ఆపేయడం అక్క అలవాటు. ఆ రోజు ఆపలేదు. నా చేతికిచ్చి, "వరండాల నిలబడు. మోగితే ఎత్తు" అంది. కెమెరాకు ప్లాస్టిక్ కవరు చుట్టి లోపలికి పోయింది.

ఒక్కొక్కరూ తమ పేరు, గూడెం పేరు, ఎవరి కోసం వెతుకుతున్నారో చెబుతున్నారు. ఒక ముసలవ్వ వంతు వచ్చింది. ఆమె గూడెంలో తాటాకు పాకలో జరిగే ఆరాధనకు వెళ్లే విశ్వాసి అట. మైకు చూడగానే ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు. కొంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మూసింది. "ఓ కొడకా, నేను గీ బళ్లె ఉన్న, బాగనే ఉన్న, గొడ్లు పోతె పోయినయ్ గని నువ్వు నీళ్లల్లకు దిగకు" అని కొడుకుకు చెప్పింది. అక్కడితో ఆగలేదు. "నాయనా, దేవా" అని ప్రార్థనలోకి దిగింది.

అప్పుడే నా చేతిలో ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"హలో" అన్నాను. గాలి హోరు. తర్వాత ఒక గొంతు, బాగా బొంగురుపోయి.

"ఎవరు? మరదలా?"

బావ. "బావా! బాగున్నవా? బాగున్నవా బావా?"

"బాగున్న. దెబ్బలేం లేవు. దారి లేక ఇన్ని రోజులు దిగలేకపోయినం. ఇది మా ఆఫీసర్ ఫోన్. మీ అక్క ఏది?"

"లోపల రికార్డింగ్ చేస్తుంది బావా, ఉండు, ఇప్పుడే పిలుస్త..."

"ఎవరన్న మాట్లాడుతున్నరా?"

"ఒక అవ్వ."

"అయితే ఆపకు. ఫోన్ ఆమె దగ్గర పెట్టు. నేను గూడ ఇంట."

నేను గడపలో నిలబడి ఫోన్ చూపించి, శబ్దం రాకుండా పెదవులతో "బావ" అన్నాను. అక్క నన్ను చూసింది. ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగి, వెంటనే ముడుచుకుపోయింది. ఒక అడుగు నా వైపు వేసింది. ఆగింది. కెమెరా మీది నుంచి చేయి తీసి, అరచేయి నాకు ఎదురుగా పెట్టి, ఆగమంది.

నేను ఫోన్ స్పీకరులో పెట్టి అవ్వ వైపు చాపాను. లైన్ ఏ క్షణమైనా పోవచ్చు. నాకు తెలుసు, అక్కకు తెలుసు, అవతల బావకు ఇంకా బాగా తెలుసు. అవ్వకు మాత్రం ఏమీ తెలియదు. కళ్లు మూసుకునే ఉంది.

"దేవా, గీ కెమెరా బిడ్డ పెనిమిటి కొండల మీద ఉన్నడంట. పొద్దుగాల పులిహోర తెచ్చినోళ్లు చెప్పిన్రు. ఆయన ఏ రాయి కింద ఉన్నడో, ఏ బురదల ఉన్నడో. నీకు కనపడతడు గద నాయనా. చెయ్యి పట్టి లేపు. ఆయన గొంతు గీ బిడ్డ చెవుల పడెయ్యి."

ఆ మాటలు ఆ చిన్న ఫోన్‌లో నుంచి ఆ కొండల దాకా పోతున్నాయి. అవతల గాలి హోరు ఒక్కటే వినిపిస్తోంది. అక్క కదలలేదు. కన్నీళ్లు గడ్డం మీది నుంచి జారుతున్నాయి, తుడుచుకోలేదు. కెమెరా నడుస్తూనే ఉంది.

"ఆమేన్" అంది అవ్వ.

"ఆమేన్" అంది ఫోన్.

అవ్వ కళ్లు తెరిచి, బిత్తరపోయి చుట్టూ చూసింది. "ఎవరు బిడ్డా?"

అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది, కానీ తన చెవిన పెట్టుకోలేదు. అవ్వ చేతిలో పెట్టింది. "నువ్వు అడిగినాయనే అవ్వా. మాట్లాడు."

అవ్వ భయపడలేదు. గట్టిగా అరిచింది. "ఏం బిడ్డా, అన్నం తిన్నవా? గింత తల్లడ పెడతవా పెండ్లాన్ని? ఫోన్ చెయ్యరాదా?" బడంతా నవ్వింది. బావ కూడా నవ్వడం వినపడింది. తర్వాత ఫోన్ అక్క చెవికి చేరింది.

"ఆఁ," అంది అక్క. "ఇంటున్న. చెప్పు."

బావ ఏదో మొదలుపెట్టాడు. లైన్ తెగిపోయింది.

నేను ఏడ్చేశాను. అక్క మాత్రం ఫోన్ చీకటి తెరను చూస్తూ మెల్లగా నవ్వింది. "గాయన గొంతు ఇన్న గద చెల్లె. మిగిలిన సగం ఇంటికొచ్చి చెప్తడు." కళ్లు తుడుచుకుని, అవ్వ పక్కన కూర్చున్న మనిషి ముందు మైకు పెట్టింది.

చిన్నప్పటి నుంచి లేఖనాలు చదువుతూ పెరిగినదాన్ని నేను. జైలులో ఉన్న శిష్యుని కోసం ఒక ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే, ఆయన విడుదలై వచ్చి బయట తలుపు తడుతూ నిలబడ్డ భాగం ఆదివారం బడి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఎప్పుడూ కథలాగానే చెప్పాను. ఆ రోజు ఆ గడపలో నేను నిలబడ్డాను. తలుపు తట్టే మనిషిని నా చేతిలో పట్టుకున్నాను. దేవుడు ఇంత దగ్గరగా పనిచేస్తాడని నమ్మడం వేరు, ఆ చప్పుడు వినడం వేరు.

ఆ కార్యక్రమం చూసి అవ్వ కొడుకు ఆ బడికి వెతుక్కుంటూ వచ్చాడు. ఇంకా చాలామంది తమవాళ్లను కలుసుకున్నారు. ఆ శీతాకాలం బావ సెలవు మీద వచ్చాడు. మిగిలిన సగం చెప్పే ఉంటాడు. నేను అడగలేదు.

అక్క పోయినేడు ప్రభువు దగ్గరకు వెళ్లింది. జ్ఞాపకార్థ కూడికకు తెర మీద ఆమెను చూపించాలని సంఘం అనుకుంది. వెతికితే ఆమె కనిపించేది ఒక్కచోటే. అవ్వ ప్రార్థన చేస్తుండగా తెర అంచున క్షణంసేపు ఒక అరచేయి లేస్తుంది. ఆగమని నాకు చెప్పిన చేయి.

"గదే పెట్టండి" అన్నాడు బావ. ఇప్పుడు ఆయన సైన్యం నుంచి వచ్చేసి మా ఊళ్లోనే ఉంటున్నాడు.

మందిరంలో దీపాలు ఆర్పి ఆ రికార్డింగ్ వేశాం. తెర మీద అవ్వ "నాయనా, దేవా" అనగానే, ఎన్నాళ్ల అలవాటో, సంఘమంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. బావ మాత్రం ముందు వరసలో కళ్లు తెరిచి కూర్చున్నాడు. చేయి లేచే క్షణం కోసం చూస్తున్నాడు. నేను ఆయనను చూస్తున్నాను.

చేయి లేచింది. బావ కదలకుండా, అవ్వ ఆమేన్ అనేదాకా ఆగాడు.